రొజాఫా: ఫిరంగులకు లొంగని కోట

*అల్బేనియాలో సరస్సు ఒడ్డున, గుట్ట మీద శిథిలమైన ఈ కోట రెండు వేల ఏళ్లకు పైగా ముట్టడులు చూసింది. గోడలు కూల్చి గెలిచినవారి కన్నా, మాట్లాడుకుని తాళాలు అందుకున్నవారే ఎక్కువ.*

ష్కోడర్ పట్టణానికి దక్షిణంగా గుట్ట మీదికి ఎక్కే దారంతా సున్నపురాయి పరుపు. శతాబ్దాల తరబడి మనుషుల పాదాలు, గుర్రాల గిట్టలు అరగదీసిన ఆ రాళ్లు ఎండలో మెరుస్తాయి, వాన పడితే కాలు నిలవనివ్వవు. దారి చివర వంపు కప్పు కింద చీకటిగా ప్రధాన ద్వారం. చలికాలంలో, బాగా వానలు కురిసిన రోజుల్లో, ఆ ద్వారం గోడల్లోంచి సున్నం కలిసిన తెల్లటి నీరు ఊరుతుంది. పసిబిడ్డల తల్లులు అక్కడ ఆగి ఆ చెమ్మను వేళ్లతో తీసి రొమ్ములకు రాసుకునేవారు. పాలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. ఆ గోడలో ఒక బాలింత ఉందని, ఇంకా బిడ్డకు పాలిస్తూనే ఉందని ష్కోడర్‌లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఆ బాలింత పేరు రొజాఫా. కోట పేరూ అదే.

ఐరోపా పర్యాటక పటంలో నిన్నమొన్నటి దాకా కనిపించని అల్బేనియా ఇప్పుడు ప్రయాణికుల నోట నానుతోంది. 2023 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఉన్నది 24 లక్షల మంది. అదే ఏడాది వచ్చిన విదేశీ సందర్శకులు కోటి దాటారు. వారిలో ఎక్కువమంది సముద్రతీరం కోసం వచ్చేవారే. ఉత్తరాన ఆల్ప్స్ కొండల వైపు వెళ్లేవారు మాత్రం ష్కోడర్ మీదుగా పోవాలి. పట్టణంలోకి రాకముందే వారికి కోట కనిపిస్తుంది.

మూడు నదులు, ఒక సరస్సు

కోట ఉన్న గుట్ట సముద్రమట్టానికి దాదాపు 130 మీటర్ల ఎత్తు. చుట్టూ నేల చదును, పైగా నీళ్లమయం కాబట్టి ఆ కాస్త ఎత్తే పెద్ద కొండంత పనిచేసింది. వాయవ్యాన ష్కోడర్ సరస్సు పరుచుకుని ఉంటుంది. ఆ సరస్సు నుంచి బయటికొచ్చే ఒకే ఒక్క నది బునా, గుట్ట పాదాన్ని ఒరుసుకుంటూ ఏడ్రియాటిక్ సముద్రం వైపు సాగుతుంది. తూర్పు కొండల నుంచి కిర్, డ్రిన్ నదులు వచ్చి ఇక్కడే కలుస్తాయి.

సముద్రం నుంచి బునా మీదుగా సరస్సులోకి వెళ్లే పడవలన్నీ కోట కిందనుంచే పోవాలి. తీరం నుంచి బాల్కన్ లోతట్టు ప్రాంతాలకు వెళ్లే బాటసారులూ ఇక్కడే నది దాటాలి. ఉప్పు, ఉన్ని, చేప, ధాన్యం ఏది కదిలినా గుట్ట మీదున్నవాడికి తెలిసేది. ఈ కోట కోసం అంతమంది రాజులు ప్రాణాలకు తెగించడానికి కారణం ఇదే. కోటలో నిధులేమీ లేవు, దారి మాత్రం ఉంది.

అయితే ఆ గుట్టకొక లోపం ఉంది. చుట్టూ అన్ని నీళ్లున్నా పైన మాత్రం ఊట లేదు. వాననీటిని తొట్లలో పట్టి దాచుకోవాలి. నదులు కళ్ల ముందే పారుతుంటే, ముట్టడిలో చిక్కుకున్నవారు వాటి దగ్గరికి పోలేక దప్పికతో అల్లాడారు. ఈ కోట చరిత్రలో కత్తికన్నా దాహమే ఎక్కువ భయపెట్టింది.

> సరస్సు సంగతులు
>
> అల్బేనియా, మాంటెనీగ్రో దేశాలు పంచుకుంటున్న ఈ సరస్సు బాల్కన్ ద్వీపకల్పంలోకెల్లా పెద్దది. సుమారు మూడింట రెండు వంతులు మాంటెనీగ్రోలో ఉంది. ఎండాకాలంలో 370 చదరపు కిలోమీటర్ల దాకా కుంచించుకుపోయి, వానలు, మంచు కరిగిన నీరు చేరాక 530 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరిస్తుంది. అడుగున ఊటలున్నాయి. డాల్మేషియన్ పెలికన్లు ఇక్కడ గూళ్లు పెడతాయి. చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో మాంటెనీగ్రో భాగం 1995లో, అల్బేనియా భాగం 2006లో చేరాయి. ష్కోడర్ ఇళ్లలో పండుగ వంట అంటే ఈ సరస్సు కార్ప్ చేపను ఉల్లి, టమాటాలతో పొయ్యిలో కాల్చి చేసే కూర.

అన్నం మోసుకొచ్చిన చిన్న కోడలు

కోట పుట్టుక గురించి అక్కడి జనం చెప్పే కథ చరిత్రకు అందనిది. ముగ్గురు అన్నదమ్ములు గుట్ట మీద కోట కడుతున్నారు. పగలంతా కట్టిన గోడ రాత్రికి కూలిపోతోంది. ఒకనాడు ఒక ముసలాయన ఆ దారిన వచ్చాడు. మీకు పెళ్లిళ్లయ్యాయా అని అడిగాడు. అయ్యాయన్నారు. రేపు మధ్యాహ్నం మీకు అన్నం ఎవరు తెస్తే ఆమెను గోడలో పెట్టి కట్టండి, అప్పుడే గోడ నిలుస్తుంది, ఈ సంగతి ఇంట్లో చెప్పకూడదు అన్నాడు. ముగ్గురూ మాట ఇచ్చిపుచ్చుకున్నారు.

ఆ రాత్రి పెద్దవాడు భార్యకు చెప్పేశాడు. నడిపివాడూ చెప్పేశాడు. చిన్నవాడు మాత్రం ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు విప్పలేదు. మర్నాడు అత్తగారు అన్నం తీసుకెళ్లమని కోడళ్లను పిలిచింది. పెద్ద కోడలు ఒక సాకు చెప్పింది, నడిపి కోడలు ఇంకొకటి. చిన్న కోడలికి చంటిబిడ్డ ఉన్నాడు. బిడ్డను మేం చూసుకుంటాంలే, వెళ్లిరా అన్నారు తోడికోడళ్లు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కింది.

విషయం విన్నాక ఆమె ఏడవలేదని కథ చెబుతుంది. ఒకటే అడిగింది. గోడ కట్టేటప్పుడు నా కుడి రొమ్ము బయటికి వదలండి, బిడ్డకు పాలివ్వాలి. కుడి చెయ్యి వదలండి, వాణ్ని నిమరాలి. కుడి కాలు వదలండి, ఉయ్యాల ఊపాలి.

బాల్కన్ దేశాలన్నిటా ఈ కథకు రూపాలున్నాయి. 19వ శతాబ్దిలో వుక్ కరాజిచ్ సేకరించిన సెర్బియా గాథలో అదే ష్కోడర్ కోట, అదే ముగ్గురు అన్నదమ్ములు. పేర్లు మాత్రం మర్న్యావ్చెవిచ్ వంశపు రాజులవి. జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ ఆ గాథను ఎంతో మెచ్చి తన భాషలోకి తెచ్చుకున్నాడు. రుమేనియాలో అది మనోలే అనే మేస్త్రి కట్టిన మఠం కథ, గ్రీసులో అర్టా వంతెన కథ. అల్బేనియా నవలాకారుడు ఇస్మాయిల్ కదరే 1978 నాటి 'మూడు కమానుల వంతెన' నవలలో దీన్నే తిరగేశాడు. గోడలో మనిషిని పెట్టడం బలిదానమా, ఆ పేరుతో జరిగిన హత్యా అన్నది ఆ నవల సూటిగా అడిగే ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే అది. కథలో మాట తప్పినవాళ్ల భార్యలు బతికారు, మాట నిలబెట్టుకున్నవాడి భార్య చచ్చిపోయింది. మాట ఇచ్చిన ముగ్గురిలో ఎవరూ ప్రాణం పోగొట్టుకోవాల్సిన అవసరం రాలేదు. మూల్యం చెల్లించింది ఆ ఒప్పందంలో లేని మనిషి.

> అనంతపురం చెరువుకట్ట మీద
>
> తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తది కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతున్నప్పుడు, బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని గ్రామదేవత పలికిందట. ఆమె చంటిబిడ్డను, భర్తను వదిలి వెళ్లి గండికి తన ప్రాణం ఇచ్చింది. ఈ స్థానిక కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలోనే, 1899లో, 'ముసలమ్మ మరణము' రాశారు. ఆధునిక తెలుగు కవిత్వానికి దారి తీసిన కావ్యాల్లో దాన్ని ఒకటిగా లెక్కిస్తారు. అక్కడి కట్టను ఇవాళ్టికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. కన్నడ జానపదంలో 'కెరెగె హార' పాటలో నీరు పడని చెరువుకు ఆహుతి అయిన భాగీరథి కూడా చిన్న కోడలే. జానపద పండితుడు అలన్ డండెస్ 1996లో ఈ కథల మీద ప్రత్యేకంగా ఒక వ్యాస సంకలనం తెచ్చి, బాల్కన్ రూపాలను, భారతీయ రూపాలను పక్కపక్కన పెట్టాడు.

మూడు రోజుల గడువు అడిగిన రాజు

ద్వారం దగ్గర నేలకు దగ్గరగా కనిపించే పెద్ద పెద్ద రాళ్ల వరుసలు ఇల్లీరియన్లవి. సున్నం లేకుండా, రాయి మీద రాయి పేర్చి కట్టినవి. క్రీస్తుపూర్వం 4వ, 3వ శతాబ్దాల నాటికే ఇక్కడ దుర్గం ఉంది. అప్పట్లో దీని పేరు స్కోడ్రా, సరస్సు పేరు లాబియాటిస్. లాబియాటులనే ఇల్లీరియన్ తెగ పేరు మీద సరస్సుకు ఆ పేరు వచ్చింది.

ఈ కోట నుంచి ఏలిన చివరి ఇల్లీరియన్ రాజు జెంటియస్. రోమ్‌తో తలపడుతున్న మాసిడోనియా రాజు పెర్సియస్ అతణ్ని తన వైపు లాక్కోవడానికి 300 టాలెంట్ల వెండి ఇస్తానన్నాడు. పది మాత్రమే ముందుగా చేతికిచ్చి, మిగతాది పంపుతున్నట్టు నటిస్తూ దారిలో ఆలస్యం చేయించాడు. ఈలోగా జెంటియస్ రోమ్ దూతలను బంధించాడు. ఇక వెనక్కి రాలేడని తెలిశాక పెర్సియస్ ఆ వెండిని దారిలోంచే వెనక్కి రప్పించుకున్నాడు.

క్రీస్తుపూర్వం 168లో రోమన్ సేనాని లూసియస్ అనీసియస్ స్కోడ్రా ముందుకు వచ్చాడు. తర్వాత జరిగింది రోమన్ చరిత్రకారుడు లివీ వివరంగా రాశాడు. జెంటియస్ గోడల వెనకే ఉండుంటే కోట అంత తేలిగ్గా చిక్కేది కాదని లివీ అభిప్రాయం. కానీ అతడు బయటికొచ్చి పోరాడి ఓడాడు. ఆలోచించుకోవడానికి మూడు రోజుల గడువు అడిగాడు. గడువు దొరికాక ఓడెక్కి నది మీదుగా సరస్సులోకి వెళ్లాడు. తమ్ముడు కరవాంటియస్ వేల మంది సైనికులతో వస్తున్నాడన్న పుకారును నమ్మి ఆ నీళ్ల మీద ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. మూడో రోజు అదే ఓడలో ప్రవాహం వెంట కోటకు తిరిగొచ్చి, అనీసియస్ కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఆ పూట అతణ్ని భోజనానికి పిలిచి మర్యాద చేసి, తర్వాత బంధించారు. భార్య ఎత్లేవా, ఇద్దరు కొడుకులు, ఆ తమ్ముడు కూడా దొరికారు. మరుసటి ఏడాది అందరినీ రోమ్ వీధుల్లో విజయయాత్రలో నడిపించారు.

మొత్తం యుద్ధం 30 రోజుల్లో ముగిసిందని లివీ లెక్క. యుద్ధం మొదలైందన్న కబురు రోమ్‌కు చేరేలోపే గెలిచిన కబురు చేరిందట. స్కోడ్రా గోడలకు మాత్రం గీత కూడా పడలేదు.

జెంటియస్‌ను అల్బేనియా మరిచిపోలేదు. 2,000 లెకు నోటు మీద అతని బొమ్మ ఉంది. వైద్యంలో వాడే జెన్షియన్ మొక్కకు ఆ పేరు అతని వల్లే వచ్చిందని, దాని వేరు గుణాన్ని ముందుగా గుర్తించింది అతడేనని ప్రాచీన రోమ్ రచయిత ప్లినీ రాశాడు.

చేతులు మారిన తాళాలు

రోమన్ల తర్వాత బైజాంటైన్ సామ్రాజ్యం, ఆపైన సెర్బ్ రాజులు, 14వ శతాబ్దిలో బాల్షా వంశం ఈ కోటను ఏలారు. 13వ శతాబ్దిలో కోట లోపల సెయింట్ స్టీఫెన్ చర్చి లేచింది. చివరికి బాల్షాల నాయకుడు రెండో జార్జి 1392లో ఆటమన్ తుర్కుల చేతికి చిక్కాడు. విడుదల కోసం కోటను వారికి అప్పగించాడు. 1395లో తిరిగి చేజిక్కించుకున్నాడు కానీ నిలుపుకోగల బలం తనకు లేదని అతనికి తెలుసు. మరుసటి ఏడాదే ఏటా 1,000 బంగారు డకట్ల పింఛనుకు కోటను, పట్టణాన్ని వెనిస్ గణతంత్రానికి రాసిచ్చేశాడు.

వెనిస్ వర్తక రాజ్యం. ఏడ్రియాటిక్ తీరమంతా తన ఓడలకు రేవులు కావాలి. ఇవాళ గుట్ట మీద కనిపించే గోడల్లో, బురుజుల్లో, నీటితొట్లలో చాలావరకు ఆ 83 ఏళ్లలో కట్టినవి, లేదా బలపరిచినవి. పడమటి కొసన ఉన్న మూడంతస్తుల భవనం వెనిస్ గవర్నరు నివాసం.

1474: దాహం

తుర్కులు మొదటిసారి పెద్ద ఎత్తున వచ్చింది 1474 వేసవిలో. తుర్కుల ఐరోపా ప్రాంతమైన రుమేలియా పాలకుడు సులేమాన్ పాషా సేనాని. కోట లోపల వెనిస్ తరఫున అంటోనియో లొరెడన్. ఫిరంగులు గోడలను చాలాచోట్ల పగలగొట్టాయి, రాత్రికి రాత్రి లోపలివాళ్లు మట్టి, కలప, రాళ్లతో పూడ్చారు. అసలు దెబ్బ తొట్లలో నీళ్లు అడుగంటడంతో తగిలింది. జనం లొంగిపోదామని గోల పెట్టినప్పుడు లొరెడన్ తన ఛాతీ చూపి, ఆకలైతే నా మాంసం తినండి, దాహమైతే నా రక్తం తాగండి అన్నాడని వెనిస్ వృత్తాంతాలు చెబుతాయి. ఆగస్టులో తుర్కులు వెనుదిరిగారు. తలుపులు తెరవగానే జనం పరుగు పరుగున బునా ఒడ్డుకు దిగి, ఆబగా నీళ్లు తాగి, కొందరు అక్కడికక్కడే ప్రాణాలు వదిలారని కూడా అవే వృత్తాంతాలు చెబుతాయి.

1478: సుల్తాను స్వయంగా

నాలుగేళ్ల తర్వాత వచ్చింది కాన్‌స్టాంటినోపుల్‌ను జయించిన సుల్తాను, రెండో మెహ్మెద్. 1478 మే నెలలో ముందు దళాలు వచ్చి గుట్టను చుట్టుముట్టాయి. జూన్‌లో అల్బేనియా వీరుడు స్కందర్‌బేగ్ రాజధాని క్రుయా లొంగిపోయింది. జులై మొదట్లో సుల్తాను ష్కోడర్ చేరాడు. పెద్ద ఫిరంగులను అంత దూరం మోయడం కష్టం కాబట్టి, ఒంటెల మీద లోహం తెచ్చి కోట ఎదుటే పోత పోశారు.

ఈ ముట్టడి గురించి ఇంత వివరంగా తెలియడానికి కారణం మారిన్ బార్లెటీ. ష్కోడర్‌లో పుట్టిన బార్లెటీ ముట్టడి రోజుల్లో కోట లోపలే ఉన్నాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ల లోపు వయసు. తర్వాత వెనిస్‌లో మతగురువై, 1504లో లాటిన్‌లో 'ష్కోడర్ ముట్టడి' అచ్చు వేయించాడు. అల్బేనియన్ రచయితల్లో అందరికన్నా ముందువరుసలో చెప్పుకునే పేరు అతనిదే. అతడు చెప్పే తుర్కు సైన్యం సంఖ్య లక్షల్లో ఉంటుంది, దాన్ని ఇవాళ్టి చరిత్రకారులు ఒప్పుకోరు. కానీ లోపలివాళ్ల లెక్క ఎవరూ కాదనలేదు: పోరాడగల మగవాళ్లు సుమారు 1,600 మంది, ఆడవాళ్లు 250 మంది. ఫిరంగి దెబ్బలు కూడా రోజువారీ లెక్కపెట్టాడు. మొత్తం 2,534.

ఏ రోజు ఎన్ని గుండ్లు పడ్డాయో రాసుకుంటూ కూర్చున్న ఆ యువకుణ్ని తలచుకుంటే మనసు చలిస్తుంది. తిండి తగ్గిపోతోంది, పక్కనున్నవాళ్లు పోతున్నారు, రేపు తాను ఉంటాడో లేదో తెలియదు. అయినా లెక్క తప్పలేదు. ఈ కోటకు ఇవాళ ఉన్న చరిత్ర ఆ ఓపిక పెట్టిన భిక్ష.

జులై 22న, మళ్లీ 27న సుల్తాను సైన్యం మొత్తం గోడల మీద పడింది. బార్తొలొమియో అనే సన్యాసి ఊరివాళ్లకు ధైర్యం చెబుతూ గోడల మీద తిరిగాడు. వెనిస్ అధికారి అంటోనియో ద లెజ్జె రక్షణ భారం చూశాడు. మగవాళ్లు పడిపోయిన చోట ఆడవాళ్లు రాళ్లు, కాగుతున్న నూనె అందించారు. రెండు దాడులూ విఫలమయ్యాయి. ఆ తర్వాత మెహ్మెద్ మరో పెద్ద దాడికి దిగలేదు. చుట్టుపక్కల జబ్లియాక్, ద్రిష్ట్, లెజా కోటలను తీసుకుని, బునా మీద అడ్డుకట్టగా దుర్గాలు కట్టించి, నది దారి మూసి, కొంత సైన్యాన్ని కాపలా పెట్టి వెళ్లిపోయాడు. గోడలతో కానిది ఆకలితో అవుతుందని ఆయన లెక్క.

ఆ చలికాలం లోపలివాళ్లకు రొట్టె, నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. తర్వాత రొట్టె కూడా కరువై కుక్కలు, ఎలుకలు తిన్నారు. తోలు ఉడకబెట్టుకున్నారు. కోటను మాత్రం వదల్లేదు.

వదిలింది వెనిస్. పదహారేళ్లుగా సాగుతున్న యుద్ధంతో ఖజానా ఖాళీ అయింది, వర్తకం దెబ్బతింది. 1479 జనవరి 25న కాన్‌స్టాంటినోపుల్‌లో సంధి కుదిరింది. ష్కోడర్‌ను సుల్తానుకు ఇవ్వడం, లక్ష డకట్లు చెల్లించడం, ఆటమన్ రాజ్యంలో వర్తకం చేసుకునేందుకు ఏటా 10,000 డకట్లు కట్టడం వెనిస్ ఒప్పుకున్న షరతులు. ఆకలితో కాపాడుకుంటున్న కోటను తమను అడగకుండానే ఇచ్చేశారన్న వార్త గుట్ట మీదికి ఎప్పుడు చేరిందో, విన్నవాళ్లు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

ఉండేవాళ్లు ఉండవచ్చు, వెళ్లేవాళ్లు సామానుతో వెళ్లవచ్చు అని సంధిలో రాశారు. బార్లెటీ చెప్పిన దాని ప్రకారం ప్రాణాలతో మిగిలినవారు 450 మంది మగవాళ్లు, 150 మంది ఆడవాళ్లు. అందరూ వెళ్లిపోవడానికే నిర్ణయించుకున్నారు. చర్చిలోని పూజా వస్తువులు, పాత్రలు మోసుకుంటూ వసంతంలో గుట్ట దిగి ఓడలెక్కారు.

> వెనిస్ గోడ మీద ష్కోడర్
>
> వలస వెళ్లిన అల్బేనియన్ల సంఘ భవనం వెనిస్‌లో ఇంకా ఉంది. దాని ముఖద్వారం పైన 1531 నాటి రాతి శిల్పంలో గుట్ట మీద కోట, దాని కింద సుల్తాను మెహ్మెద్, ఆయన వజీరు కనిపిస్తారు. సంధి కుదిరిన 1479లోనే సుల్తాను ఒక మంచి చిత్రకారుణ్ని పంపమని వెనిస్‌ను కోరాడు. గణతంత్రం జెంటిలె బెల్లినిని పంపింది. ష్కోడర్ శరణార్థులు వెనిస్ చేరిన ఏడాదే బెల్లిని కాన్‌స్టాంటినోపుల్‌కు ఓడెక్కాడు. ఆయన గీసిన మెహ్మెద్ చిత్రపటం ప్రపంచ ప్రసిద్ధం.

పాషాల కాలం

చర్చి మసీదైంది. గంట గోపురం చోట మినారు లేచింది. దాని మొదలు ఇప్పటికీ శిథిలాల మధ్య నిలబడి ఉంది. ఒకే గోడల్లో చర్చి కిటికీలు, మసీదు గుర్తులు పక్కపక్కనే కనిపించడం ఈ కోటలో శ్రద్ధగా చూడాల్సిన దృశ్యం.

దాదాపు మూడు శతాబ్దాలు కోట తుర్కు దండు విడిదిగా గడిచింది. 1757లో ష్కోడర్ పాలన స్థానిక బుషాటి వంశం చేతికి వచ్చాక మళ్లీ కథ మొదలవుతుంది. మొదటి పాలకుడు మెహ్మెద్ పాషా 1773లో గుట్ట పాదాన సీసపు మసీదు కట్టించాడు. గుమ్మటాలకు సీసపు రేకులు తాపడం చేసినందువల్ల ఆ పేరు. ఆయన కొడుకు కారా మహ్మూద్ సుల్తానుకు ఎదురు తిరిగాడు. 1787లో సుల్తాను సైన్యం కోటను ముట్టడించి నెలల తరబడి కూర్చున్నా గెలవలేక వెళ్లింది. 1796లో కారా మహ్మూద్ మాంటెనీగ్రో మీదికి దండెత్తి క్రుసీ దగ్గర చనిపోయాడు. అతని పుర్రెను సెతినియె మఠంలో దాచారు. వంశంలో చివరివాడు ముస్తఫా పాషా 1831లో సుల్తాను సంస్కరణలను వ్యతిరేకిస్తూ తిరగబడి, ఓడి, ఈ కోటలోనే తలదాచుకున్నాడు. కొన్ని నెలల ముట్టడి తర్వాత ప్రాణాలకు హామీ తీసుకుని లొంగిపోయాడు. ఇస్తాంబుల్ తీసుకెళ్లి క్షమించారు.

నది దారి మార్చుకుంది

1848లో ఆంగ్ల చిత్రకారుడు ఎడ్వర్డ్ లియర్ ష్కోడర్ వచ్చి కోట బొమ్మలు గీసుకున్నప్పుడు పట్టణం ఇంకా గుట్టను ఆనుకునే ఉంది. కోట కిందే పెద్ద బజారు ఉండేది. మరో పదేళ్లలో ఆ దృశ్యం మారిపోవడం మొదలైంది.

1858-59 చలికాలం వరదల్లో డ్రిన్ నది పాత దారి వదిలి కోటకు కొద్ది దిగువన బునాలో వచ్చి పడింది. కొండల నుంచి ఉరికే డ్రిన్ నీటి ముందు బునా నిలవలేదు. వరద రోజుల్లో సరస్సు నుంచి బయటికి పోవాల్సిన నీళ్లు ఆగిపోతాయి, ఒక్కోసారి వెనక్కి సరస్సులోకే తన్నుకొస్తాయి. సరస్సు మట్టం పెరిగి ఒడ్డున ఉన్న ఊళ్లు మునుగుతాయి. ఏటా వరదతో వేగలేక వర్తకులు, ఇళ్లవాళ్లు మెల్లమెల్లగా ఉత్తరం వైపు, ఎత్తు నేలకు తరలిపోయారు. ఇవాళ్టి ష్కోడర్ నడిబొడ్డు కోటకు దూరంగా ఉండటానికి ఇది ముఖ్య కారణం. సైన్యాలు ఖాళీ చేయించలేని గుట్ట పాదాన్ని నది ఖాళీ చేయించింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన పియెత్రో మరుబి ష్కోడర్‌లో ఫొటో స్టూడియో పెట్టాడు. ఆ వంశ పరంపరలో తీసిన లక్షల ఫొటోలు ఇప్పుడు పట్టణంలోని మరుబి జాతీయ ఛాయాచిత్ర మ్యూజియంలో ఉన్నాయి. కోట కింద బజారు ఎలా ఉండేదో, వరద నీళ్లలో పడవలు ఎక్కడి దాకా వచ్చేవో వాటిలో చూడొచ్చు.

చివరి ముట్టడి

1912లో బాల్కన్ యుద్ధం మొదలవగానే మాంటెనీగ్రో రాజు నికొలా ష్కోడర్ మీద పడ్డాడు. అక్టోబరు చివర్లో ముట్టడి మొదలైంది. తుర్కు సేనాని హసన్ రిజా పాషా కోటనూ, నదికి ఆవల ఉన్న తరబోష్ కొండనూ గట్టిగా పట్టుకుని నిలిచాడు. చలిలో, బురదలో, ముళ్లకంచెల మీద మాంటెనీగ్రో సైనికులు వేల సంఖ్యలో చనిపోయారు, గాయపడ్డారు. అంత చిన్న దేశానికి అది మానని గాయం.

1913 జనవరి 30 రాత్రి హసన్ రిజా తన సహచరుడు ఎసాద్ పాషా ఇంట్లో భోజనం చేసి బయటికి వచ్చాక కాల్చి చంపారు. చంపింది ఎసాద్ మనుషులేనన్న అనుమానం అప్పుడే పుట్టి ఇంకా పోలేదు. అధికారం ఎసాద్ చేతికొచ్చింది. ఏప్రిల్ 23న అతడు నికొలాతో ఒప్పందం చేసుకుని, తన సైన్యంతో మర్యాదగా బయటికి నడిచి కోటను అప్పగించాడు.

నికొలా ఆనందం నిలవలేదు. ష్కోడర్ కొత్తగా ఏర్పడుతున్న అల్బేనియాకే దక్కాలని లండన్‌లో కూర్చున్న ఐరోపా అగ్రరాజ్యాలు అప్పటికే తేల్చాయి, మాంటెనీగ్రో తీరాన్ని వాటి యుద్ధనౌకలు దిగ్బంధించాయి. మే నెలలో మాంటెనీగ్రో వెనక్కి తగ్గింది. మే 14న బ్రిటిష్ అడ్మిరల్ సెసిల్ బర్నీ నాయకత్వంలో అంతర్జాతీయ దళం పట్టణంలోకి ప్రవేశించింది. ఆరు నెలలు రక్తం ధారపోసినవాళ్లకు దక్కింది మూడు వారాల పాటు జెండా.

1916లో, మొదటి ప్రపంచయుద్ధ సమయంలో, ఆస్ట్రియా-హంగరీ సైన్యం వచ్చి సీసపు మసీదు గుమ్మటాల మీది సీసాన్ని ఒలుచుకుపోయింది. అప్పటికి కొండ మీది రాతిగోడలకు సైనిక విలువ పోయింది. కోట కోసం మళ్లీ ఎవరూ యుద్ధం చేయలేదు.

ఇప్పుడు కోటలో

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం కోటను రక్షిత కట్టడంగా గుర్తించింది, తవ్వకాలు జరిపించింది. అదే ప్రభుత్వం 1967లో మతాలన్నిటినీ నిషేధించింది. కట్టడంగా విలువ ఉన్నందువల్ల సీసపు మసీదు కూల్చివేత నుంచి బయటపడింది కానీ ప్రార్థనలు ఆగిపోయాయి. 1990 నవంబరు 16న వేలమంది అక్కడ చేరి 23 ఏళ్ల తర్వాత తొలిసారి బహిరంగంగా నమాజు చేశారు. దానికి కొన్ని రోజుల ముందే అదే పట్టణ శ్మశానంలో కేథలిక్కులు ప్రార్థన జరుపుకున్నారు. ఆ రెండూ జరిగిన తర్వాతే దేశమంతటా చర్చిలు, మసీదులు తెరుచుకున్నాయి.

కోట లోపల మూడు ఆవరణలు. మొదటిది ద్వారం దాటగానే వచ్చే విశాలమైన పచ్చిక. రెండోది వెడల్పైనది, నీటితొట్లు, చెరసాల, చర్చి-మసీదు శిథిలం ఇక్కడే ఉన్నాయి. మూడోది పడమటి కొసన, అన్నిటికన్నా బలంగా కట్టుకున్న చివరి స్థావరం. అక్కడి వెనిస్ భవనంలో చిన్న మ్యూజియం పెట్టారు. ఆ కొస బురుజు ఎక్కితే ఒకవైపు సరస్సు, కింద నదుల సంగమం, ఎదురుగా తరబోష్ కొండ, వెనక సీసపు మసీదు గుమ్మటాలు ఒకే చూపులో అందుతాయి. జెంటియస్ ఏ నీళ్లలో ఎదురుచూశాడో, మెహ్మెద్ సైన్యం ఏ నదిని మూసిందో అక్కడ నిలబడితే పటం లేకుండానే అర్థమవుతుంది.

కోటకు ఇవాళ ఉన్న బాధలు మాత్రం వేరు. వానకు, వేర్లకు గోడల సందులు విడిపోతున్నాయి. ష్కోడర్ భూకంపాల నేల. 1905లో, 1979లో వచ్చినవి పట్టణాన్ని బాగా దెబ్బతీశాయి. డ్రిన్ మీద 1970ల నుంచి వరసగా ఆనకట్టలు కట్టినా వరదలు పూర్తిగా ఆగలేదు. 2010 జనవరిలో, మళ్లీ డిసెంబరులో నీళ్లు పొంగి వేల మంది ఇళ్లు వదలాల్సి వచ్చింది. గుట్ట పాదాన ఉన్న సీసపు మసీదు చుట్టూ దాదాపు ప్రతి చలికాలం నీళ్లు చేరతాయి. రెండు దేశాల మధ్య ఉన్న సరస్సు మట్టాన్ని, బునా పూడికను, డ్రిన్ ఆనకట్టల నుంచి నీటి విడుదలను కలిపి నిర్వహించుకోవాలన్న చర్చ అల్బేనియా, మాంటెనీగ్రోల మధ్య సాగుతూనే ఉంది.